పాత పనితనం, కొత్త బొమ్మ: జపాన్ చిత్రకారులు వెనక్కి వెళ్ళి తెచ్చుకున్నవి

1909లో హిషిదా షున్సో గీసిన 'ఓచిబా' చూడండి. ఆరేసి రెక్కల మడత తెరలు రెండు, పక్కపక్కన. ఓచిబా అంటే రాలిన ఆకులు. అందులో చెట్ల మానులున్నాయి, పచ్చగా ఒక చిన్న దేవదారు మొక్క ఉంది, కింద ఎండుటాకులున్నాయి. నేల మాత్రం ఎక్కడా గీయలేదు. ఆకాశం మొదలయ్యే గీత లేదు, చెట్లకు నీడ లేదు. ఒక్కో మాను తెర మీద ఎంత ఎత్తున మొదలైంది, దాని చుట్టూ ఆకులు ఎంత ఒత్తుగా పడ్డాయి, రంగు ఎంత పలచబడింది అన్న మూడింటితోనే అడవి లోపలికి దారి పడుతుంది.

ఈ తెరలకు పదేళ్ళ ముందు ఇదే షున్సో ఇదే సమస్యతో తలపడి ఓడిపోయారు. గాలిని, వెలుతురును, దూరాన్ని జపాన్ రంగులతో ఎలా చూపించాలన్నది ఆ సమస్య. మధ్యలో యూరప్ వెళ్ళి చూసి వచ్చారు కూడా. జవాబు మాత్రం మూడొందల ఏళ్ళ నాటి క్యోటో చిత్రకారుల పనిలో దొరికింది. ఆధునిక జపాన్ చిత్రకారులు పాత కళ నుంచి ప్రేరణ పొందారని ఒక్క ముక్కలో రాసేస్తుంటారు. ఆ మాటలో తప్పు లేదు గానీ, అసలు పని అందులో కనబడదు. వాళ్ళు వెనక్కి వెళ్ళి తెచ్చుకున్నది ముఖ్యంగా పనితనం: తడి ఎప్పుడు ఆపాలి, గీత ఎలా లాగాలి, బంగారం ఎలా పరచాలి. ఆకారాలు, కథలు దాని వెనకే వచ్చాయి.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1868లో మెయిజీ ప్రభుత్వం వచ్చాక షోగున్లనే సైనిక పాలకుల కొలువు పోయింది. దాంతోపాటే తరతరాలుగా ఆ కొలువును నమ్ముకున్న కానో వంశపు చిత్రకారుల జీతాలూ పోయాయి. 1878లో టోక్యో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి అమెరికా నుంచి వచ్చిన ఎర్నెస్ట్ ఫెనొలోసా, ఆయన శిష్యుడు ఒకాకురా కకుజో గుళ్ళలో మూలపడ్డ పాత చిత్రాలను వెతికి బయటికి తీశారు. 1889లో టోక్యో లలితకళల పాఠశాల తెరిచినప్పుడు అందులో తైలవర్ణ చిత్రకళ శాఖే లేదు; అది 1896లో గానీ రాలేదు. 1890లో దానికి అధిపతి అయిన ఒకాకురా చదువును మూడు పాళ్ళు చేశారు: పాత చిత్రాన్ని నకలు తీయడం, కళ్ళ ముందున్నదాన్ని చూసి గీయడం, సొంతంగా కొత్తది కట్టడం. ఆ పాఠశాల తొలితరం విద్యార్థులే యొకొయామా తైకన్, షిమొమురా కన్జన్, హిషిదా షున్సో. చదువయ్యాక వీళ్ళు ప్రభుత్వ మ్యూజియం కోసం పాత చిత్రాలకు నకళ్ళు తీసే పని చేశారు. ఆ కూలి పనే వాళ్ళకు అసలు బడి అయిందని నేననుకుంటాను.

నకలు తీయడం అనగానే అడుగున బొమ్మ పెట్టి పైన దిద్దడం గుర్తొస్తుంది. జపాన్‌లో 'అగెమోషా' అనే పద్ధతి అలాంటిది కాదు. అసలు చిత్రం మీద పలచటి కాగితం పరుస్తారు. దాని ఒక అంచును గుండ్రటి కర్రకు చుట్టి ఎడమచేత్తో పట్టుకుంటారు. కాగితం ఎత్తి అసలు గీతను చూస్తారు. వెంటనే దించి, కంట్లో దాని ముద్ర చెదరకముందే కుంచెతో వేస్తారు. మళ్ళీ ఎత్తుతారు, మళ్ళీ దించుతారు. ఒక్క గీతకే ఇలా ఎన్నోసార్లు. కింద కనబడే గీత వెంట కుంచెను పాకించుకుంటూ పోతే చెయ్యి తడబడుతుంది, గీతలో ఊపిరి ఉండదు. అగెమోషాలో గీత ఎక్కడ మొదలై ఏ వేగంతో ఎక్కడికి పోయిందో మనసులోకి ఎక్కాకే చెయ్యి కదులుతుంది. మరకలు, పగుళ్ళు, ఊడిపోయిన రంగుతో సహా ఉన్నదున్నట్టు తీసే నకలు ఒక రకం. కొత్తలో ఎలా ఉండేదో అలా తీసేది ఇంకో రకం. రెండో దానికి రంగు ఏ రాయిదో, ఎన్ని పూతలో తెలిసుండాలి కాబట్టి అది ఇంకా కష్టం.

రాయి అన్నాను కాబట్టి సామాను సంగతి ఇక్కడే చెప్పాలి. అది తెలియకపోతే షున్సో ఎందుకు ఓడిపోయారో అర్థం కాదు. జపాన్ సంప్రదాయ పద్ధతిలో వేసే చిత్రాలను మెయిజీ కాలం నుంచి 'నిహోంగా' అంటున్నారు. ఇందులో ముఖ్యమైనవి రాతి రంగులు. నీలానికి అజురైట్, పచ్చకు మాలకైట్, ఎరుపుకు ఇంగిలీకం. రాయిని నూరి, నీళ్ళలో తేర్చి, రేణువు సైజును బట్టి నంబర్లు వేస్తారు. 5వ నంబరు ఇసకలా గరుకుగా ఉంటుంది, రంగు ముదురు. 13వ నంబరు పిండిలా మెత్తన, రంగు లేత. అన్నిటికంటే మెత్తటిది 'బ్యకు'. రాయి ఒకటే అయినా రేణువు మారితే రంగు మారిపోతుంది.

ఈ పొడికి అంటుకునే గుణం లేదు. దాన్ని పట్టి ఉంచేది 'నికావా', జంతు చర్మం నుంచి కాచిన జిగురు. మన పాత చిత్రశాస్త్రాల్లో కనబడే వజ్రలేపం కూడా ఈ జాతిదే. 100 మిల్లీలీటర్ల నీళ్ళకు సుమారు 10 గ్రాముల లెక్కన జిగురు పుల్లలను విరిచి రాత్రంతా నానబెట్టాలి. మర్నాడు ఆ గిన్నెను వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టి 60, 70 డిగ్రీల మధ్య కరిగించి పలచటి గుడ్డలో వడగట్టాలి. మరిగిందా, పట్టు పోతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా కొద్ది రోజులే నిలుస్తుంది. వాసన మారితే పారబోయాల్సిందే. జిగురు ఎక్కువైతే ఆరిన పూత బిగుసుకుని పగిలి పెచ్చులూడుతుంది, తక్కువైతే వేలికి పొడి అంటుతుంది. గరుకు రేణువుకు చిక్కటి జిగురు, మెత్తటి రేణువుకు పలచటి జిగురు వాడాలి. కొత్తవాళ్ళు అన్నిటికీ ఒకే గిన్నెలోది వాడి చెడగొట్టుకుంటారు.

తెలుపు 'గోఫున్'. ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ వదిలేసిన ఆల్చిప్పల పొడి ఇది. రోట్లో మెత్తగా నూరి, నికావాను చుక్కచుక్కగా కలుపుతూ చపాతీ ముద్దలా పిసుకుతారు. ఆ ముద్దను పళ్ళెంలోకి వంద సార్లు విసిరి కొడతారు, లోపలి గాలి పోయి జిగురు ప్రతి రేణువుకూ పట్టాలని. తరవాత పాములా సాగదీసి పళ్ళేనికి అంటించి, గోరువెచ్చటి నీళ్ళు పోసి కాసేపుంచి, పైకి తేరిన మురికి నీళ్ళు వంచేస్తారు. అప్పుడు కొద్దికొద్దిగా నీళ్ళతో వేలితో కరిగిస్తారు. తడిగా ఉన్నప్పుడు పారదర్శకంగా కనబడి ఆరాక తెల్లబడుతుంది కాబట్టి ఎంత వేశామో వెంటనే తెలియదు. ఒకేసారి మందంగా పూస్తే పగులుతుంది; పలచగా నాలుగైదు పూతలు వేయాలి.

ఇప్పుడు ఆ ఓటమి సంగతి. గాలిని చిత్రించే దారి లేదా అని ఒకాకురా తైకన్‌ను, షున్సోను అడిగారు. 1900 ప్రాంతంలో ఇద్దరూ జపాన్ చిత్రానికి వెన్నెముక లాంటి సిరా గీతను తీసేసి, రంగును రంగులోకి కరిగించడం మొదలుపెట్టారు. పట్టు మీద తడి రంగు వేసి, ఆరేలోపు వెడల్పాటి పొడి కుంచెతో పదేపదే తుడుస్తూ అంచులు చెరిపేయడం, వెలుతురు కోసం గోఫున్ కలపడం. విమర్శకులు దీన్ని 'మోరోతై' అని వెక్కిరించారు, మసకమసక శైలి అని. చిత్రాలు అమ్ముడుపోలేదు.

వెక్కిరింత అన్యాయమే గానీ చిత్రాల్లో లోపం మాత్రం నిజం. తైలవర్ణంలో రెండు రంగులను మెత్తగా కలిపేయొచ్చు, నూనె రెండింటినీ మోస్తుంది. నీళ్ళలో తేలే రాతి పొడి అలా కలవదు. బరువు రేణువు అడుక్కి పోతుంది, తేలిక రేణువు పైకి తేలుతుంది, కలిపిన రంగు పళ్ళెంలోనే విడిపోతుంది. దాన్ని నిలపడానికి గోఫున్ కలిపితే రంగంతా పాలు పోసినట్టు మబ్బుగా అవుతుంది. పైగా ఆరీఆరని పూత మీద కుంచె ఆడిస్తే జిగురు కదిలి మెరుపు పోతుంది. గాలి కోసం వెళ్తే బురద దొరికింది.

ఈ కథలో మనవాళ్ళకు సంబంధించిన మలుపు ఒకటుంది. 1903లో తైకన్, షున్సో కలకత్తా వచ్చి ఠాగూర్ కుటుంబాన్ని కలిశారు. తైకన్ వెడల్పాటి కుంచెతో నీళ్ళు పూస్తూ పనిచేయడం అవనీంద్రనాథ్ ఠాగూర్ దగ్గరుండి చూశారు. ఆయన ఇంకో అడుగు వేసి, రంగు వేసిన కాగితాన్ని నీళ్ళలో ముంచి తీసి, ఆరబెట్టి, మళ్ళీ వేసే వాష్ పద్ధతి తయారు చేసుకున్నారు. అవనీంద్రుని శిష్యుడు ప్రమోద్ కుమార్ చటర్జీ బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రకళ నేర్పడానికి వచ్చినప్పుడు ఆ పద్ధతీ వెంట వచ్చింది. అడివి బాపిరాజు నేర్చుకున్నది ఆయన దగ్గరే. జపాన్‌లో చెడిన పని బెంగాల్లో ఎలా నిలబడింది? కాగితం మీద పారదర్శకమైన నీటి రంగులు కాబట్టి. ముంచినప్పుడు పైపై రంగు కొట్టుకుపోయి, నారలోకి ఇంకినది మాత్రమే మిగులుతుంది. పొర మీద పొర వేసినా అడుగు కాగితం వెలుగుతూనే ఉంటుంది. ఆల్చిప్ప తెలుపు అక్కడ అడ్డం రాలేదు.

షున్సో అక్కడితో ఆగలేదు. యూరప్, అమెరికా తిరిగి వచ్చాక కంటిజబ్బు, మూత్రపిండాల జబ్బు పట్టుకున్నాయి. కోలుకుంటూ యొయొగిలో ఇంటి దగ్గరి అడవిలో నడిచేవారు. ఆ నడకల్లోంచి వచ్చిందే ఓచిబా. అందులో రంగులను కరిగించి కలపలేదు. శుభ్రమైన రంగు ముక్కలను పక్కపక్కన ఉంచారు. ఖాళీని నింపలేదు, ఖాళీగానే వాడుకున్నారు. ఇది 'రింపా' అనే పాత క్యోటో శైలి వాళ్ళ దారి.

రింపా ఒక వంశం కాదు, కానో వాళ్ళలా తండ్రి కొడుక్కి నేర్పిన గురుకులం కాదు. 17వ శతాబ్దం మొదట్లో క్యోటోలో తవరాయ సోతత్సు. ఆయన తరవాత పుట్టిన ఒగాతా కోరిన్ (1658–1716) సోతత్సు గాలిదేవుడు, ఉరుముదేవుడు తెరలను చూసి నకలు తీశారు. కోరిన్ పోయిన 45 ఏళ్ళకు ఎదోలో, అంటే నేటి టోక్యోలో, పుట్టిన సకాయి హోయిత్సు ఆ నకలుకు నకలు తీశారు. కోరిన్ తెర వెనకవైపున తన వేసవి, శరత్కాలపు గడ్డి మొక్కలను గీశారు. 1815లో కోరిన్ నూరో వర్ధంతి జరిపి, ఆయన చిత్రాలతో పుస్తకం అచ్చువేశారు. వీళ్ళలో ఎవరూ ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. చనిపోయినవాణ్ణి గురువుగా ఎంచుకుని, చేతిపని చూసి నేర్చుకున్నారు. ఇరవయ్యో శతాబ్దపు చిత్రకారులకు ఈ దారి అంత దగ్గరగా తోచడానికి కారణం ఇదే అయ్యుండాలి. వాళ్ళదీ అదే పరిస్థితి.

రింపా పనితనంలో గుండెకాయ 'తరాషికోమి', తడిలోకి చుక్క వదలడం. వినడానికి తేలికే. కాగితానికి ముందు 'దోసా' పూయాలి, అంటే పలచటి నికావాలో పటిక కలిపిన నీళ్ళు. పటిక జిగురులో సగానికి మించకూడదు. ఎక్కువైతే ఆరాక గాజులా మెరిసి రంగును జారుస్తుంది, ఏళ్ళు గడిచేకొద్దీ కాగితాన్నీ తినేస్తుంది. దోసా చాలకపోతే రంగు నారలోకి ఇంకి చచ్చుబడుతుంది. కాగితాన్ని నేల మీద సమంగా పరిచి, పలచటి సిరాతో చెట్టు మాను ఆకారమంతా ఒకే తడిగా నింపాలి. ఇక కాచుకుని చూడాలి. నీళ్ళ తళుకు పోయి, తడి మాత్రం ఇంకా ఉన్న క్షణంలో చిక్కటి సిరానో, మాలకైట్ పచ్చనో కుంచె కొసతో చుక్కగా వదలాలి. అది దానంతటదే పాకుతుంది. సిరా కలిసిపోతుంది, బరువైన పచ్చ రేణువు ఒకచోట కుదురుకుని నాచు పట్టినట్టు కనబడుతుంది. ఆ తరవాత కుంచె తగలకూడదు, ఆరేదాకా కాగితం కదలకూడదు. తొందరపడితే చుక్క మొత్తం కరిగి బూడిదరంగు మరక మిగులుతుంది. ఆలస్యమైతే గట్టి అంచుతో గుండ్రటి వలయం పడుతుంది. కాగితం ఒక మూల వాలినా రంగంతా అటే చేరుతుంది. కోరిన్ ఎర్ర, తెల్ల ప్లమ్ పూల తెరల్లో మానులు ఇలా చేసినవే. ఇప్పుడవి అతామిలోని ఎం.ఓ.ఎ. మ్యూజియంలో ఉన్నాయి.

షున్సో వీటన్నిటినీ ఒకచోటికి తెచ్చిన చిత్రం 1910 నాటి 'కురోకి నెకో', అంటే నల్లపిల్లి. పట్టు మీద నిలువు చిత్రం, ఎత్తు ఒకటిన్నర మీటర్లు, వెడల్పు అర మీటరు. ప్రదర్శన గడువు దగ్గరపడి ఐదారు రోజుల్లో పూర్తి చేశారు. వాలిన కషివా (ఓక్ జాతి) చెట్టు మాను మీద పిల్లి కూర్చుని మనవైపే చూస్తుంటుంది. పైన ఆకులు చదునుగా, ఒకదాని పక్క ఒకటి అద్దినట్టు ఉంటాయి, నీడ లేదు, అది రింపా. పిల్లికి మాత్రం చుట్టు గీత లేదు. నలుపు అంచుల దగ్గర పట్టులోకి మెల్లగా ఆరిపోతుంది, బొచ్చు మెత్తదనం అక్కడే తెలుస్తుంది. అది మోరోతై. పదేళ్ళ కింద చిత్రమంతా పరిచి చెడిన పద్ధతిని, ఇప్పుడు అది పనికొచ్చే ఒక్కచోట, సిరాతో, గోఫున్ లేకుండా వాడారు. మరుసటి ఏడు, 36 ఏళ్ళకే, షున్సో పోయారు. జపాన్ ఆధునిక చిత్రాల్లో నాకు దీని కన్నా నచ్చినది లేదు.

తైకన్ వేరే దారి పట్టారు. 1923లో గీసిన 'సెయిసెయి రుతెన్' నలభై మీటర్ల సిరా చుట్ట, అంటే చుట్టి ఉంచే పొడవాటి చిత్రం. కొండల్లో మంచు బిందువు వాగై, నదై, సముద్రంలో కలిసి, సుడిగాలిలో డ్రాగన్‌గా ఆకాశానికి పోతుంది. కుడి నుంచి ఎడమకు విప్పుకుంటూ చూసే ఈ రూపం పాత కథాచిత్రాల చుట్టలది. దాన్ని మొదటిసారి ప్రదర్శించిన రోజు 1923 సెప్టెంబరు 1. ఆ రోజే కాంతో మహాభూకంపం వచ్చింది. చిత్రం మాత్రం క్షేమంగా బయటపడింది.

గీతను వదిలేసిన ఈ ఇద్దరికి ఎదురుగా, గీతనే పట్టుకున్న ముగ్గురున్నారు: యసుదా యుకిహికో, కొబయాషి కొకెయి, మయెదా సెయిసొన్. 1923లో కొకెయి, సెయిసొన్ లండన్ బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని, చైనా చిత్రకారుడు గు కైజి పేర ప్రసిద్ధమైన రాజాంతఃపుర నీతి చుట్టకు నకలు తీశారు. యూరప్ వెళ్ళింది యూరప్ చిత్రాలు చూడటానికి కూడా. ఎక్కువగా పట్టుకొచ్చింది మాత్రం ఆ పట్టుదారం లాంటి చైనా గీతను. 1931 నాటి కొకెయి 'కామి' చూస్తే ఆ నకలు ఏం నేర్పిందో తెలుస్తుంది. కామి అంటే జుట్టు. ఒకామె కూర్చుని ఉంటే ఇంకొకామె తల దువ్వుతుంది. ఒంటి గీత మొదట్నుంచి చివరిదాకా ఒకే మందం, నీడ లేదు, అయినా భుజం గుండ్రంగానే ఉంది.

ఈ సమమైన గీతను 'తెస్సెన్', ఇనప తీగ గీత అంటారు. సన్నటి పొడవాటి కుంచెను నిటారుగా పట్టి, వేళ్ళు కదపకుండా మోచెయ్యి, భుజం కదిపి లాగాలి. మొదట్లో కొసను గీత లోపలే దాచి మొదలెట్టాలి, లేకపోతే మొదలు ముల్లులా తేలుతుంది. వేళ్ళు కదిపితే గీత లావు సన్నం అవుతుంది. మధ్యలో ఊపిరి తీసుకుంటే ఆ చోట ముడి పడుతుంది.

యుకిహికో 'కిసెగావా నో జిన్' 1940–41లో గీసిన తెరల జంట. 1180లో యుద్ధానికి బయల్దేరిన మినమోతో యోరితోమోను, చిన్నప్పుడే విడిపోయిన తమ్ముడు యోషిత్సునే వచ్చి కలిసే ఘట్టం. కుడి తెరలో అన్న, ఎడమ తెరలో తమ్ముడు, వెనక ఏమీ లేదు. అన్న కూర్చున్న తీరుకు మూలం క్యోటో జింగోజి గుడిలో యోరితోమోదిగా చెప్పుకునే పాత చిత్రం. తరవాత తమ్ముణ్ణి వేటాడి చంపించేది ఈ అన్నేనని జపాన్‌లో పిల్లలకూ తెలుసు. ఇద్దరి మధ్య ఆ ఖాళీ అంత బరువుగా ఉండటం అందుకే.

ఈ చిత్రం గీసిన కాలాన్ని కూడా చెప్పుకోవాలి. 1940లో తైకన్ సముద్రం మీద పది, పర్వతం మీద పది చిత్రాలు గీసి అమ్మి, వచ్చిన డబ్బుతో సైన్యానికి నాలుగు యుద్ధవిమానాలు ఇచ్చారు. పాత జపాన్‌ను వెతకడం ఆ ఏళ్ళలో యుద్ధానికి వంతపాడింది. చిత్రాల పనితనం గొప్పదని చెబుతూ ఈ సంగతి దాటేయడం నాకు సరిగ్గా అనిపించదు.

అదే 1940లో నారా దగ్గరి హోర్యూజీ గుడిలో ఇంకో పని మొదలైంది. అక్కడి బంగారు మందిరం గోడల మీద 1,200 ఏళ్ళకు పైబడిన 12 బుద్ధ చిత్రాలకు ఉన్నదున్నట్టు నకళ్ళు తీయడం. నాలుగు బృందాల్లో ఒకదానికి పెద్ద అరాయి కంపో. రవీంద్రనాథ్ ఠాగూర్ పిలుపు మీద 1916లో కలకత్తా వచ్చి నేర్పిన మనిషి, అజంతా గుహల్లో కూర్చుని నకళ్ళు తీసిన మనిషి. హోర్యూజీ బోధిసత్త్వుల ఒంటి గీతలో అజంతా చాయలున్నాయని పండితులు అంటుంటారు. రెండు గోడల ముందూ కుంచె పట్టుకుని కూర్చున్న చెయ్యి అరుదు. మందిరం లోపల చీకటి కాబట్టి అప్పుడే కొత్తగా వచ్చిన ఫ్లోరోసెంట్ దీపాలు పెట్టించారు. యుద్ధం మధ్యలో పని నత్తనడక నడిచింది. కంపో 1945లో పోయారు. 1949 జనవరి 26న మంటలు లేచి గోడచిత్రాలు కాలిపోయాయి. మరుసటి ఏడే జపాన్ సాంస్కృతిక సంపద రక్షణ చట్టం తెచ్చింది. 1967–68లో యుకిహికో, సెయిసొన్ తదితరుల ఆధ్వర్యంలో మళ్ళీ గీయించి గోడలకు అమర్చారు. దానికి ఆధారం 1935లో తీసి ఉంచిన నిలువెత్తు ఫొటో పలకలు. సెయిసొన్ బృందంలో పనిచేసిన కుర్రవాడు హిరయామా ఇకువో తరవాత పట్టుదారి (సిల్క్ రోడ్) యాత్రల చిత్రాలతో పేరు తెచ్చుకున్నారు.

బౌద్ధ చిత్రాల నుంచి వచ్చిన ఇంకో రహస్యం పట్టు వెనకవైపు వాడకం. పట్టు పలచన కాబట్టి వెనక రంగు వేసినా, బంగారు రేకు అంటించినా ముందువైపు మెత్తగా తొంగిచూస్తుంది. ఉఎమురా షోఎన్ 1918లో 'హోనో' గీశారు. హోనో అంటే జ్వాల. ముసుగులతో ఆడే 'నో' నాటకంలోని రొకుజో, అసూయతో ప్రాణాలు తీసే ఆత్మ, వెనక్కి తిరిగి చూస్తూ జుట్టు కొస పళ్ళతో కొరుకుతుంటుంది. కళ్ళు కుదరక షోఎన్ తంటాలు పడుతుంటే నో నటుడు కొంగో ఇవావో ఒక సలహా చెప్పారు: అసూయ పట్టిన స్త్రీ ముసుగుకు కంటి తెల్లగుడ్డులో బంగారం పూస్తారు, అది చూడమని. షోఎన్ ఆ బంగారాన్ని పట్టు వెనకనుంచి వేశారు. ముందునుంచి వేసి ఉంటే నగలా మెరిసేది. ఇప్పుడు కన్ను లోపల ఏదో తడిగా వెలిగినట్టుంటుంది.

హయామీ గ్యోషూ 1925లో 'ఎన్బు' (మంటల నాట్యం) గీయడానికి వేసవంతా కరుయిజావాలో మంట వేసి, దానికి చేరే పురుగులను చూస్తూ గడిపారు. పురుగులు చూసి గీసినవి. మంట మాత్రం బౌద్ధుల ఫుదో దేవుడి పాత చిత్రాల్లోని మంట, నాలుకలు చుట్టలు చుట్టుకుపోయే ఆ నకాషీ. రెండూ అతకవనిపించాలి, అతికాయి. పురుగుల రెక్కల అంచులు చీకట్లోకి మసకబారడమే ఆ అతుకు.

ఇదే గ్యోషూ 1929లో క్యోటో జిజోయిన్ గుడిలోని ముసలి కమేలియా చెట్టును రెండేసి రెక్కల తెరల జంటగా గీశారు. మామూలు కమేలియా పువ్వు పువ్వంతా రాలుతుంది; ఈ చెట్టుది రేక రేకగా రాలుతుంది. వెనక బంగారం, నేపథ్యం లేదు, కోరిన్ గుర్తుకొస్తారు. కానీ కోరిన్ కాలపు తెరల్లో బంగారాన్ని రేకులుగా అంటిస్తారు. ఒక్కో రేకు సుమారు 11 సెంటీమీటర్ల చదరం, మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు. రేకుల అంచులు ఒకదాని మీద ఒకటి పడ్డచోట గళ్ళు కనబడతాయి, వెలుతురు పడితే అద్దంలా కొడుతుంది. రేకును జిగురుతో నూరి పూతగా వేస్తే కుంచె జాడలు మిగులుతాయి. గ్యోషూ రెండూ వద్దనుకున్నారు. రేకును పొడిచేసి, కొసన సన్నటి జల్లెడ గుడ్డ కట్టిన వెదురు గొట్టంలో పోసి, జిగురు పూసిన తెర మీద రాల్చుతూ సందు లేకుండా నింపారు. 'మకిత్సుబుషి' అంటారు. రేకు అంటించడానికి పట్టే బంగారానికి ఇది ఎన్నో రెట్లు మింగుతుంది. జిగురు ఒకచోట ముందు ఆరితే అక్కడ పొడి నిలవదు, మచ్చ పడుతుంది. చిక్కనైతే బంగారం నల్లబడుతుంది. అన్నీ కుదిరితే గళ్ళు లేని, మెరుపు కొట్టని, లోతైన పసుపు వస్తుంది. పాత సామానే, పాత కూర్పే, వెలుతురు మాత్రం కొత్తది.

యుద్ధం తరవాతి వాళ్ళలో కయామా మతాజో పేరు తప్పనిసరి. 1966 నాటి వసంత, శరత్ అలల చిత్రానికి మూలం ఒసాకా దగ్గరి కొంగోజి గుడిలోని సూర్యచంద్రుల కొండల తెర. 1970 నాటి వెయ్యి కొంగలకు మూలం సోతత్సు, కోరిన్. ఇప్పటివాళ్ళలో మురకామి తకాషి నిహోంగాలో డాక్టరేట్ చేసినవారు. లండన్‌లో, న్యూయార్క్‌లో చూసేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతుంటారు. కానో కజునోబు జోజోజి గుడికి గీసిన వంద చుట్టల ఐదువందల అర్హతుల (బౌద్ధ సిద్ధుల) చిత్రాల నుంచి పుట్టిందే 2012లో మురకామి చేసిన వంద మీటర్ల అర్హతుల చిత్రం. 2011 భూకంపం, సునామీ దాని వెనకున్నాయి. అక్కడ రంగు అక్రిలిక్. యమాగుచి అకిరా చదివింది తైలవర్ణం. ఇంటి పైకప్పు తీసేసి లోపల చూపించే, యమాతో-ఎ అనే పాత జపాన్ చిత్రశైలి పద్ధతిలో, బంగారు మబ్బుల మధ్య నేటి డిపార్ట్‌మెంట్ స్టోర్లు గీస్తారు. ఈ ఇద్దరూ చూపును తీసుకున్నారు, సామానును వదిలేశారు. మత్సుయి ఫుయుకో సామానును కూడా పట్టుకున్నారు. శవం కుళ్ళి మట్టయ్యే తొమ్మిది దశల పాత బౌద్ధ చిత్రాల నుంచి వచ్చిన 2004 నాటి ఆమె చిత్రం పట్టు మీద వేసినది. చేతిపని విషయంలో నా ఓటు ఆమెకే.

వీటిని చూడాలనుకునేవాళ్ళకు ఒక మాట. వెలుతురుకు పట్టు, రంగు పాడవుతాయి కాబట్టి ఇలాంటి చిత్రాలను సాధారణంగా ఏడాదికి 60 రోజులకు మించి బయట పెట్టరు. గ్యోషూ రెండు చిత్రాలూ టోక్యోలోని యమతానే మ్యూజియానివి, నల్లపిల్లి, ఓచిబా, కామి అక్కడి ఎయిసెయి బుంకో మ్యూజియానివి, కిసెగావా జాతీయ ఆధునిక కళా మ్యూజియానిది. టికెట్టు కొనే ముందు ఆ నెలలో ఏది పెట్టారో చూసుకోండి. తెరల ముందు నిలబడి చూసి వచ్చేయకండి. అవి చాప మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు చేసినవి. మోకాళ్ళ మీద కిందికి దిగి, మెల్లగా ఒక పక్కకు జరుగుతూ చూడండి. రేకు బంగారమైతే ఒక్కో గడి వెలిగి ఆరుతుంది. గ్యోషూ కమేలియా వెనక బంగారం మీరెటు జరిగినా అలాగే ఉంటుంది.